భీమశంకరం గారి కంట్లో దోమ

మా నడిమిలంక పట్టణంలో దోమలు పోయిన పద్ధతి చాలా సులువైనది. పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. దోమలు పోయాయి.

ఆ ఉత్తర్వు పేరు 'దోమరహిత పట్టణ మహోద్యమం'. దాని ప్రకారం పురపాలక సంఘ ఉద్యోగికి ఎక్కడైనా దోమ కనబడినచో తక్షణమే ఫోనులోని యాప్‌లో నమోదు చేయవలెను. నమోదైన ప్రతి దోమకూ, దానిని చూసిన ఉద్యోగి నుండి సంజాయిషీ కోరబడును. చూసి దాచిపెట్టినచో శాఖాపరమైన చర్యలు తప్పవు. అంతే. మర్నాటి నుంచి మా ఆఫీసులో ఎవరికైనా ఒక్క దోమ కనబడితే ఒట్టు.

కుట్టడం మాత్రం కుడుతూనే ఉండేవి. కానీ ఉత్తర్వులో కుట్టడం గురించి ఒక్క ముక్కా లేదు. మేమంతా చెంపల మీద ఫెడీ ఫెడీమని కొట్టుకుంటూ ఫైళ్ళు చూసుకునేవాళ్ళం. పనిమీద వచ్చినవాళ్ళెవరైనా "ఎందుకండీ అలా కొట్టుకుంటున్నారు?" అంటే, "నిద్ర రాకుండా" అని చెప్పేవాళ్ళం. ప్రజలకు మామీద గౌరవం పెరిగింది.

మా కమిషనరు హేమనళిని గారు చిన్న వయసులోనే ఆ కుర్చీలోకి వచ్చిన మనిషి. ఏ పథకం వచ్చినా మనస్ఫూర్తిగా నమ్ముతారు. హాలు మధ్య గోడకు పెద్ద తెర పెట్టించి, దానిమీద 'నేటి దోమలు: 0' అని ఎర్రక్షరాలతో వెలిగేలా చేశారు. రాష్ట్ర పరిశీలక బృందం వచ్చి ఆ సున్నాను కళ్ళారా చూసి, మాకు 'దోమరహిత పట్టణం' బిరుదు ఇచ్చి పోవడమే మిగిలింది.

అలాంటి సమయంలో భీమశంకరం గారికి దోమ కనబడింది.

తాతపూడి భీమశంకరం గారిది జనన మరణాల సెక్షను. నాది కుళాయిల సెక్షను. మా టేబుళ్ళు రెండూ పక్కపక్కనే. ఆయన అబద్ధం ఆడలేడు. అది గొప్పతనమని ఎవరైనా అంటే ఆయనే ఒప్పుకోడు, "భయమండీ రాఘవులు గారూ, ఒట్టి భయం" అంటాడు. ఆ సోమవారం పొద్దున్న తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి గాలిలో చెయ్యి విసిరాడు. మళ్ళీ విసిరాడు. కాగితం మీద చరిచాడు. చెయ్యెత్తి చూస్తే ఏమీ లేదు.

"ఏవిటండీ?" అన్నాను.

"దోమండీ. నల్లగా, తోకతో. ఇటు చూస్తే అటు పోతోంది."

"దాని పేరెత్తకండి మహాప్రభో. మీకు నిద్రొస్తోంది, అంతే."

కానీ ఆయన నమోదు చేసేశాడు. తెర మీద సున్నా పోయి ఒకటి వెలిగింది. హాలంతా పెళ్ళి మధ్యలో ఎవరో తుమ్మినట్టయింది.

శానిటరీ ఇనస్పెక్టరు గుత్తుల ప్రకాశరావు గారు పొగమిషను భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చారు. కాసేపటికి హాల్లో ఎవరికి ఎవరూ కనబడలేదు. పొగ తగ్గాక ఆయన దగ్గుతూ, "పోయిందాండీ?" అన్నారు.

"లేదండి, ఉంది."

"ఎక్కడ?"

"కదలకండి. మీ చొక్కా జేబు మీద."

ప్రకాశరావు గారు తన గుండె మీద తనే ఒక్కటిచ్చుకున్నారు. "ఇప్పుడు?"

"పైకి పోయిందండి. గోడ మీద. ఇదిగో... సూపర్నెంటు గారి తల మీదకొచ్చింది."

సూపరింటెండెంటు అచ్యుతరామయ్య గారిది నున్నటి బట్టతల. ప్రకాశరావు గారు విధి నిర్వహణలో పై అధికారి, కింది అధికారి అని చూసే మనిషి కాదు. ఆ చప్పుడు వీధిలోకి వినబడింది.

"తగిలిందాండీ?" అన్నారు ఆశగా.

"తగిలింది నాకయ్యా!" అన్నారు అచ్యుతరామయ్య గారు.

అందరూ నవ్వారు కానీ భీమశంకరం గారు నవ్వలేదు. సాయంత్రం మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. "నా కన్ను మూసుకుంటే లేదండీ. తెరిస్తే ఉంది. అంటే అది గదిలో లేదు కదా? నాలోనే ఏదో అయిపోతోంది" అన్నాడు.

ఆ వారంలో మనిషి సగమైపోయాడు. తెల్లనిది ఏదీ చూడలేకపోయేవాడు. ఆకాశం చూడడం మానేశాడు, తల వంచుకుని నడిచేవాడు. పేపరు చదవడం మానేశాడు. భార్య ఇడ్లీ పెడితే "దాని మీద ఈదుతోందే చంద్రం" అని కంచం పక్కకి తోసేవాడట. అన్నంలో ముందు గోంగూర పచ్చడి మొత్తం కలిపేసి, ఎర్రగా చేసుకుని, అప్పుడు తినేవాడట. కన్ను తెరిచినప్పుడల్లా అది ఉందా లేదా అని మొదట దాని కోసమే వెతుక్కునేవాడు. ఉండేది. వాళ్ళ మేనమామ చివరి రోజుల్లో చూపు పోయి గోడలు పట్టుకుని నడిచేవాడు. తనకూ అంతేనని తీర్మానించుకుని, ఇంట్లో గోడలు పట్టుకుని నడవడం అప్పుడే సాధన చేస్తున్నాడని ఆయన భార్య చంద్రావతి గారు నాతో చెప్పి కళ్ళు తుడుచుకున్నారు.

"అన్నయ్యగారూ, మీరు స్కూటరు నడపండి, కంటి డాక్టరు దగ్గరకి తీసుకెళదాం. నేను వెనకాల ఆటోలో వస్తాను. ఈయనొక్కడే వెళితే బయట బెంచీ మీద కూచుని తిరిగొచ్చేస్తాడు."

డాక్టరు నఫీసా బేగం గారు కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక, దీపం పెట్టి చాలాసేపు చూశారు. పైకి చూడమన్నారు, కిందికి చూడమన్నారు. చివరికి దీపం ఆర్పి కూర్చున్నారు.

"మీ కళ్ళు బాగున్నాయండి."

"మరి దోమ?"

"కంటి లోపల గంజిలాంటి పదార్థం ఉంటుంది. వయసు వస్తూంటే అది పల్చబడి, అందులో సన్నటి పోగులు కడతాయి. ఆ పోగుల నీడ కంటి వెనక ఉన్న పొర మీద పడుతుంది. మీకు కనబడేది దోమ కాదు, ఆ నీడ."

"నీడైతే ఎందుకు పారిపోతోందండి?"

"మీరు తరుముతున్నారు కనక. కన్ను కదిపితే గంజి కదులుతుంది, పోగు కదులుతుంది. మీతోపాటే ఉన్నదాన్ని మీరు ఎక్కడికని తరుముతారు?"

"పోతుందాండీ?" అన్నాడు భీమశంకరం గారు.

"పోకపోవచ్చు. కానీ కొన్నాళ్ళకి మీ మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మీ ఇంట్లో గోడగడియారం ఉందా? టిక్కుటిక్కుమనడం వినబడుతుందా?"

"వినబడదండి. అంటే... వినాలనుకుంటే వినబడుతుంది."

"ఇదీ అంతే."

చంద్రావతి గారు ముందుకు వంగారు. "నా మాటలు కూడా ఈయనకి పెళ్ళయిన కొత్తలో వినబడేవండి. ఇప్పుడు వినబడవు. అలాగేనా?"

"అచ్చం అలాగేనండి," అన్నారు డాక్టరు గారు, చాలా గంభీరంగా. తర్వాత భీమశంకరం గారి వైపు తిరిగి వేలు చూపించారు. "ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఉన్నట్టుండి మసి రాలినట్టు బోలెడు వచ్చినా, కంటి పక్కన మెరుపులు మెరిసినా, తెర దిగినట్టున్నా, ఆ రోజే, ఆ క్షణమే రండి. రేపొస్తాను, ఎల్లుండొస్తాను అనకూడదు."

ఆయనకు ఈ చివరి మాట ఒక్కటే బాగా వంటబట్టింది. స్కూటరు వెనక కూర్చుని దారంతా నన్ను "ఇప్పుడేదైనా మెరిసిందాండీ?" అని అడుగుతూనే ఉన్నాడు. "లారీ హెడ్‌లైటండీ" అని నేను చెబుతూనే ఉన్నాను.

ఆఫీసులో కథ ఇంకోలా నడుస్తోంది. ఆ యాప్‌లో ఒక దోమ నమోదైతే, అది చచ్చినట్టు ఫోటో పెట్టి, చూసిన ఉద్యోగి 'అవును, ఇదే' అని నొక్కితే తప్ప తెర మీద అంకె తగ్గదు. భీమశంకరం గారు డాక్టరమ్మ ఇచ్చిన సర్టిఫికెట్టు తీసుకెళ్ళి కమిషనరు గారి ముందు పెట్టాడు. దానిమీద ఆ జబ్బుకి పాతకాలపు వైద్య గ్రంథాల్లోని పేరు కూడా రాసి ఉంది. కమిషనరు గారు ఆ పేరుకి అర్థం ఫోనులో వెతికారు. 'ఎగిరే ఈగలు' అని వచ్చింది.

"అంటే ఈగలు కూడా ఉన్నాయన్నమాట," అన్నారామె, ముఖం పాలిపోయి.

వెంటనే అత్యవసర సమావేశం. ప్రకాశరావు గారు లేచి నిలబడి, "మేడమ్, క్షేత్రస్థాయి పరిస్థితి ఏమనగా, సదరు ఉద్యోగి కంటి లోపల గంజి వంటి ద్రవం దీర్ఘకాలంగా నిల్వ ఉన్నట్టు వైద్యాధికారి ధ్రువీకరించి ఉన్నారు. నిల్వ నీరే దోమల ఉత్పత్తి కేంద్రమని మన మార్గదర్శకాల్లో ఉంది" అన్నారు.

"ఎన్ని ఆవరణలు?"

"రెండు మేడమ్. కుడి ఒకటి, ఎడమ ఒకటి."

"యజమాని ఎవరు?"

"సదరు ఉద్యోగే మేడమ్. వంశపారంపర్యం."

మర్నాడు భీమశంకరం గారికి నోటీసు అందింది. తన స్వాధీనములోని రెండు ఆవరణలలో నిల్వ ఉన్న ద్రవమును తక్షణము తొలగించుకొనవలెననీ, లేనిచో పురపాలక సంఘమే తొలగించి, ఖర్చులు వసూలు చేయుననీ అందులో ఉంది. ఆయన అది చదివి రెండు కళ్ళూ రెండు చేతుల్తో కప్పుకున్నాడు.

"కంగారు పడకండి," అన్నారు ప్రకాశరావు గారు ఓదార్పుగా. నిజానికి ఆయన మంచివాడు. "తొలగించకుండా చేపలు వదిలే పద్ధతి కూడా ఉందండి. చెరువుల్లో వదుల్తాం కదా, దోమపిల్లల్ని తినేస్తాయి. పాపం, నేను మత్స్యశాఖ వాళ్ళని అడిగాను కూడా. కంటి సైజు చేప లేదన్నారు."

చేపలు లేవు కనక చచ్చిన దోమ ఫోటో ఒక్కటే దారి. ఇక్కడ ఒక ధర్మసంకటం వచ్చింది. ఫోటో తీయాలంటే ఒక దోమ కావాలి. దోమ కావాలంటే ఎవరికైనా కనబడాలి. మా చెంపల మీద, మోచేతుల మీద బోలెడు చచ్చి ఉన్నాయి కానీ, వాటిని చూసినట్టు ఒప్పుకుంటే అవీ లెక్కలోకి వస్తాయి. అందుకని కమిషనరు గారు పక్క పట్టణం కమిషనరుకి ఫోను చేశారు. స్పీకరులో పెట్టారు కనక మేమంతా విన్నాం.

"సార్, తమ పరిధి నుండి ఒక్క మృత దోమను తాత్కాలిక ప్రాతిపదికన సర్దుబాటు చేయగలరా?"

అవతల నుంచి ఫెడీమని ఒక చెంపదెబ్బ వినబడింది. "మా ఊళ్ళో దోమలెక్కడివి మేడమ్?" అన్నాడాయన.

"మా ఊళ్ళోనూ లేవనుకోండి," అని మేడమ్ తన మోచేతి మీద ఒకటి చరుచుకున్నారు. "మర్యాదకి అడిగాను."

చివరికి అచ్యుతరామయ్య గారు మేనకోడలి ఊరినుంచి, అంటే పంచాయతీ పరిధి నుంచి, అగ్గిపెట్టెలో ఒకదాన్ని తెప్పించారు. ఉద్యమం పంచాయతీలకు ఇంకా రాలేదు. ఫోటో తీసి, అందరూ భీమశంకరం గారి చుట్టూ మూగారు. "ఇదేనని నొక్కండి సార్, మీకు పుణ్యం ఉంటుంది." ఆయన అగ్గిపెట్టె వైపు చాలాసేపు చూశాడు.

"ఇది కాదండి. మాది ఇంకా ఎగురుతోంది. ఇప్పుడీ అగ్గిపెట్టె మీదే వాలింది."

తెర మీద ఒకటి అలాగే వెలుగుతూ ఉండిపోయింది. రాష్ట్ర బృందం మర్నాడే వస్తోంది. కమిషనరు గారు కుర్చీలోంచి లేచారు. "భీమశంకరం గారూ, మీకు కనబడుతున్నది మరెవ్వరికీ కనబడటం లేదని నిర్ధారించి, మీ ఫిర్యాదును నిరాధారమని కొట్టివేయడమే మిగిలిన మార్గం. త్రిసభ్య ప్రత్యక్ష నిర్ధారణ సంఘాన్ని ఏర్పాటు చేస్తున్నాను. నేను, సూపరింటెండెంటు గారు, ఇనస్పెక్టరు గారు. మీరు ఎటు చూస్తే మేమూ అటే చూస్తాం. దోమ ఎక్కడ బాగా కనబడుతుంది?"

"ఆకాశం మీద మేడమ్," అన్నాడాయన. ఆకాశం చూసి అప్పటికి ఆయనకు చాలా రోజులైంది.

ఆఫీసు ముందు ఆవరణలో నలుగురూ వరసగా నిలబడ్డారు. మేమంతా వెనక గుంపుగా చేరాం. వాన కురిసి వెలిసిన పొద్దు, పైన ఒక్క మబ్బు లేదు. ఉతికి ఆరేసిన పంచెలా ఉంది ఆకాశం.

"ఏమీ లేదు," అన్నారు కమిషనరు గారు.

"ఏమీ లేదు మేడమ్," అన్నారు ప్రకాశరావు గారు.

అచ్యుతరామయ్య గారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మేడమ్... గొలుసుముక్కలాంటిదేదో..." అన్నారు.

"సూచనలకు లోను కావద్దండీ సూపరింటెండెంటు గారూ. అధికారికంగా చూడండి. ఆకాశంలో ఏమీ..." అని కమిషనరు గారు ఆగిపోయారు. మెడ ఇంకా పైకెత్తారు. "భీమశంకరం గారూ. అది... పైనుంచి కిందికి జారుతోందా?"

"అవును మేడమ్."

"దానికి చిన్న తోక ఉందా?"

"మీ దాని సంగతి నాకు తెలీదు మేడమ్. నాదానికైతే ఉంది."

ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టం. వెనకున్న మేమంతా కూడా పైకి చూశాం. నేనూ చూశాను. మొదట ఏమీ లేదు. తర్వాత, నీళ్ళలో వెంట్రుకలా, ఒకటి. బిల్లు కలెక్టరు నేల మీద చతికిలబడ్డాడు. తపాలా గుమాస్తా మణెమ్మ గారు కళ్ళు గట్టిగా మూసుకుని ఇంటికి ఫోను చేసి పిల్లల పేర్లు పిలవడం మొదలెట్టారు. "నాకు మూడున్నాయిరా!" అని ఎవరో అరిచారు. చూసి దాచితే శాఖాపరమైన చర్యలు కనక అందరూ ఫోన్లు తీసి నమోదు చేశారు. లోపల తెర మీద నలభై ఒకటి వెలిగింది. అందులో కమిషనరు గారిది కూడా ఒకటి. నిబంధన నిబంధనే కనక ఆమె ఆ సాయంత్రం తన నుంచి తాను సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చుకుని, కింద సంతకం పెట్టి అందుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఎవరూ పని చెయ్యలేదు. అందరూ భీమశంకరం గారి టేబులు చుట్టూ చేరారు. ఆయన ఒక్కడే పాతకాపు.

"చూపు పోతుందా సార్?"

"పోదండి. నీడ అది. లోపల పోగు ఉంటుంది, దాని నీడ. అందరికీ ఎంతో కొంత ఉంటుందంట. మనం చూసుకోం, అంతే."

"రాత్రిళ్ళు కూడా ఉంటుందా?"

"చీకట్లో కనబడదమ్మా."

"అన్నంలో కనబడుతుందా?"

"మొదట్లో కనబడుతుందండి," అన్నాడాయన. "తర్వాత తర్వాత అన్నమే కనబడుతుంది."

ఇంతకుముందు ఆయనకి ఆ నమ్మకం లేదని నాకు తెలుసు. మణెమ్మ గారి ఏడుపు చూడలేక అన్న మాట అది. కానీ అందరికీ అదే మాట చెప్పి చెప్పి, కాఫీలు వచ్చేవేళకి, ఆయన గొంతులో వణుకు పోయింది. నా వైపు వంగి, "రాఘవులు గారూ, గంట నుంచి నేను నాది చూసుకోలేదండీ" అన్నాడు ఆశ్చర్యంగా. వెంటనే చూసుకున్నాడు. ఉంది. కానీ ఈసారి చెయ్యి విసరలేదు.

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర పూలగుత్తితో కమిషనరు గారు, వెనక సన్నాయి మేళం, ఆ వెనక మేము. బృందం ఊళ్ళోకి వచ్చేసిందని కబురు. అప్పుడు ప్రకాశరావు గారు భీమశంకరం గారి పక్కకి వచ్చి నెమ్మదిగా అన్నారు.

"శంకరం గారూ, అందరిదీ దోమ కదా. నాదేవిటండీ, మసి రాలినట్టు రాలుతోంది? పొద్దున్న లేచిన దగ్గర్నించీ. పక్కన మెరుపులు కూడా. పొగమిషను వల్లేమో అనుకున్నాను."

భీమశంకరం గారి ముఖం మారిపోయింది. "ఏ కన్ను?"

"ఎడమది. తనిఖీ అయ్యాక సాయంత్రం వెళదామనుకుంటున్నాను."

భీమశంకరం గారు ఆయన చెయ్యి పట్టుకుని గేటు వైపు లాగాడు. కమిషనరు గారు అడ్డొచ్చారు.

"ఎక్కడికండీ! ఒకరు ఫిర్యాదుదారు, ఒకరు విచారణాధికారి. మీరిద్దరూ లేకుండా తనిఖీ ఎలా జరుగుతుంది? అనుమతి లేకుండా ఆవరణ దాటడానికి వీల్లేదు."

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో పై అధికారి ముందు తల ఎత్తని మనిషి తల ఎత్తాడు.

"నా దోమ ఎక్కడికీ పోదు మేడమ్. ఆయన కన్ను పోతుంది."

అని నా చేతిలోంచి స్కూటరు తాళం లాక్కున్నాడు. ఆయనకి స్కూటరు సరిగ్గా రాదు. సన్నాయి మేళం వాళ్ళు పక్కకి దూకారు. ఆ సందులోంచి ఇద్దరూ వెళ్ళిపోయారు.

అదే సందులోంచి బృందం కారు లోపలికి వచ్చింది. అధ్యక్షులు వైకుంఠరావు గారు పొడుగాటి మనిషి, నల్లకళ్ళద్దాలు. లోపలికి వచ్చి తెర ముందు నిలబడ్డారు.

"ఏమిటిది? రాష్ట్రంలోని పట్టణాలన్నీ సున్నా చూపిస్తుండగా, తమరొక్కరే నలభై ఒకటి ఎలా సాధించారు?"

"సాధించలేదు సార్, సంభవించింది," అన్నారు కమిషనరు గారు. జరిగిందంతా చెప్పారు. నిల్వ ద్రవం, నోటీసు, చేపలు, అగ్గిపెట్టె, అన్నీ. "నమ్మకపోతే తమరే ఒక్కసారి బయటికి దయచేసి ఆకాశం వైపు చూడండి సార్."

వైకుంఠరావు గారు ఆ నల్లకళ్ళద్దాలు తియ్యకుండానే అన్నారు.

"నేను ఆకాశం చూసి ఆరేళ్ళయిందమ్మా."

హాల్లో ఎక్కడో చెంప మీద ఒకటి పడింది.

"ఎవరితోనూ చెప్పలేదు," అన్నారాయన. "దోమల నిర్మూలనకు అధ్యక్షుణ్ణి. నా కళ్ళ ముందే దోమ ఎగురుతోందని ఎవరితో చెప్పను? ఆ ఫిర్యాదుదారుణ్ణి పిలిపించండి."

ఫిర్యాదుదారు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ప్రకాశరావు గారి కంటి వెనక పొర ఒక పక్కన చిరిగిందట. డాక్టరమ్మ అప్పటికప్పుడు లేజరుతో దాని చుట్టూ అతుకు వేశారట. సాయంత్రం దాకా ఆగితే ఏమయ్యేదో చెప్పలేమన్నారట. కబురందుకుని వెళ్ళిన చంద్రావతి గారు ప్రకాశరావు గారి దగ్గర ఉన్నారు. ఈ సంగతి చెబుతుంటే భీమశంకరం గారు పూలగుత్తి పెట్టిన కుర్చీలో పూలగుత్తి మీదే కూర్చున్నాడు.

వైకుంఠరావు గారు ఆయన్ని ఒంటరిగా నీళ్ళ ట్యాంకు కిందికి తీసుకెళ్ళారు. కుళాయిల సెక్షను నాది కనక నేను ట్యాంకు వాల్వు చూసే మిషతో దగ్గర్లోనే ఉన్నాను.

"మీకు భయం వెయ్యలేదా?" అన్నారు వైకుంఠరావు గారు.

"వేసిందండి. ఇడ్లీ మానేశాను."

"నేను పెరుగు మానేశాను," అన్నారాయన.

ఒకసారి కంటి డాక్టరుకి చూపించుకోమనీ, ప్రమాదం లేదని తేలితే ఇక దాన్ని తరమొద్దనీ భీమశంకరం గారు చెప్పాడు. తర్వాత వైకుంఠరావు గారు కళ్ళద్దాలు తీశారు. ట్యాంకు నీడలోంచి ఒక అడుగు బయటికి వేసి, తల మెల్లగా పైకెత్తారు. ఆయన పెదాలు కదిలాయి. ఏదో లెక్కపెడుతున్నారనుకున్నాను. కాదు. "ఇంత నీలంగా ఉంటుందా?" అంటున్నారు.

ప్రభుత్వం ఇలాంటి అనుభవాలను వృథా పోనివ్వదు. నెల తిరక్కుండా సవరణ ఉత్తర్వు వచ్చింది. దోమలు రెండు రకములు. బాహ్య దోమలు, అంతర దోమలు. బాహ్య దోమలు పురపాలక సంఘపు బాధ్యత. అంతర దోమలు ఉద్యోగి వ్యక్తిగత ఆస్తి; వాటి ఉత్పత్తి, పోషణ, కదలికలతో ప్రభుత్వమునకు ఎట్టి సంబంధమూ లేదు. మా నలభై ఒకటీ అంతర దోమలుగా తేలాయి. బాహ్య దోమలు సున్నా. మాకు బిరుదు వచ్చింది. భీమశంకరం గారి నోటీసు రద్దయింది. కమిషనరు గారు తనకు తాను ఇచ్చుకున్న సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నందున తనను మందలించి వదిలేశారు.

అయితే ప్రతి పట్టణంలోనూ అంతర దోమల విభాగం ఒకటి ఉండాలని అదే ఉత్తర్వులో ఉంది. మాకు ఇన్‌చార్జి భీమశంకరం గారే. జనన మరణాలతో పాటు మధ్యలో ఇది. ఎవరెవరో వస్తారు. పొద్దున్నే రవికలు కుట్టే ఆవిడ, తెల్లగుడ్డ మీద సూది పెట్టలేకపోతున్నానని. బడిపంతులు, పరీక్ష కాగితాలు దిద్దే ధైర్యం చాలడం లేదని. ఆయన వాళ్ళకి చెప్పేది మొదటి మాట ఒకటే: "ముందు డాక్టరమ్మకి చూపించుకుని రండి." చూపించుకుని వచ్చాక కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాడు. టీ అయ్యేసరికి సగం మంది వచ్చిన పని మర్చిపోతారు. ఎడమ కంటికి నల్లద్దం పెట్టుకుని కొన్నాళ్ళు తిరిగిన ప్రకాశరావు గారు ఆ విభాగంలో స్వచ్ఛందంగా చేరి, భయపడినవాళ్ళకి మెరుపుల సంగతి చెబుతుంటారు, కాస్త ఎక్కువ చేసి.

ఈమధ్య సమీక్షా సమావేశం జరిగింది. అన్ని సెక్షన్లూ అయ్యాక కమిషనరు గారు అద్దాలు సవరించుకున్నారు.

"అంతర దోమల విభాగం. ఇన్‌చార్జి గారూ, ఈ మహత్కార్యానికి ఆద్యమైన దోమ, అనగా తమరి దోమ, ప్రస్తుతం ఏ స్థితిలో ఉన్నది?"

భీమశంకరం గారు లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో పరీక్షలో తెలిసిన ప్రశ్నకే జవాబు మర్చిపోయిన కంగారు.

"ఏమైంది?"

"దాన్ని చూసి చాలా రోజులైంది మేడమ్. ఉండండి, వెతికి చెబుతాను."

కిటికీ దగ్గరకి నడిచాడు. రెక్కలు తెరిచి, ఆకాశం మీద ఎడమకి చూశాడు, కుడికి చూశాడు. మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. "పోయిందేమో పాపం," అని గొణిగారు అచ్యుతరామయ్య గారు. భీమశంకరం గారు మునివేళ్ళ మీద లేచాడు. పైకి చూశాడు, మెల్లగా కిందికి చూశాడు.

"ఉంది మేడమ్!" అని అరిచాడు, రైల్వే ప్లాట్‌ఫారం మీద చిన్ననాటి స్నేహితుడు కనబడ్డట్టు. "దొరికింది!"

సమావేశం అంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆనాటి తీర్మానాల్లో 'దోమ ఒకటి దొరికినది' అని రాసుకున్నారు. మా పురపాలక సంఘం పుట్టిన దగ్గర్నించీ అధికారికంగా దొరికిన దోమ అదొక్కటే.